బొబ్బిలి స్టేషన్‌లో గూడ్స్ బండి: 4,700 టన్నుల్ని 6 మోటార్లు ఎలా లాగుతాయి?

ఈ సైట్‌లో నేను ఇన్నాళ్లూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే రాశాను. ఈసారి రివ్యూ చేస్తున్న గ్యాడ్జెట్ బరువు 123 టన్నులు. జేబులో పట్టదు, ఈఎంఐలో దొరకదు. కానీ లోపల ఉన్న టెక్నాలజీ మీ చేతిలోని చార్జర్‌కి, మీ ఫ్రెండ్ ఎగరేసే డ్రోన్‌కి దగ్గరి చుట్టమే.

ఈ ఆర్టికల్ వెనక ఒక బాకీ ఉంది. ముందు అది చెప్తాను.

సంక్రాంతికి బొబ్బిలి వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లాడు. వాడు అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నాడు. సాలూరు వెళ్లే రైల్‌బస్సుని చూస్తూ పెరిగినవాళ్లం మేమిద్దరం. ఆ పొద్దున్న మాత్రం లూప్ లైన్‌లో ఓ పెద్ద గూడ్స్ ఆగి ఉంది. వాడు అడిగాడు: "అన్నయ్యా, ఫోన్లో ప్రాసెసర్ సంగతి టకటకా చెప్పేస్తావు కదా. ఇది కదలడం మొదలెట్టినప్పుడు ఎంత లాగుతాదో దేన్నిబట్టి ఉంటాది?"

నేను ఆలోచించకుండా "హార్స్‌పవర్‌ని బట్టిరా, ఇంకేటి?" అనేశాను.

వాడు నా మాట నమ్మాడు. తర్వాతి వారం ప్రాక్టీస్ టెస్ట్‌లో ఇదే ప్రశ్న వచ్చింది, నేను చెప్పిందే పెట్టాడు, తప్పయింది. నెగెటివ్ మార్కు కూడా పడింది. అసలు పరీక్షలో ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోయేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. స్పెక్ షీట్‌లో పెద్ద నంబర్ చూసి తీర్పు చెప్పకూడదని మీకు వంద సార్లు చెప్పిన నేనే ఆ పని చేశాను. అందుకే కూర్చుని మొదటి నుంచి చదివాను. చదివింది ఇక్కడ పెడుతున్నాను.

ముందు బరువు లెక్క

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే లైన్ 1931లో పూర్తయింది. బొబ్బిలి దాని మీదే ఉంది. కొండల అవతలి నుంచి ఖనిజాలు, బొగ్గు విశాఖ వైపు దిగే దారుల్లో ఇదొకటి. మనం ఎక్కువగా చూసే పైకప్పు లేని వ్యాగన్‌ని బాక్స్-ఎన్ అంటారు. నిండా నింపితే ఒక్కోటి సుమారు 81 టన్నులు. అలాంటివి 58 కలిపితే ఒక రేక్. అంటే దాదాపు 4,700 టన్నులు.

ముందున్న ఇంజన్ డబ్ల్యూఏజీ-9 అనుకుందాం. ఫోన్ మోడల్ పేరులాగే దీనికీ అర్థం ఉంది. మొదటి అక్షరం బ్రాడ్ గేజ్, రెండోది ఏసీ కరెంటు, మూడోది గూడ్స్. బరువు 123 టన్నులు. తనకన్నా 38 రెట్లు బరువున్న దాన్ని ఇది లాగాలి. అదెలా?

తీగ నుంచి చక్రం దాకా

పైన తీగలో 25,000 వోల్టుల ఏసీ ఉంటుంది. పాంటోగ్రాఫ్ దాన్ని అందుకుంటుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది. తర్వాత కన్వర్టర్ ఆ ఏసీని డీసీగా మారుస్తుంది. ఇక్కడిదాకా మీ ఫోన్ చార్జర్ చేసే పనే, సైజు పెద్దది అంతే.

అసలు మజా తర్వాతి అడుగులో ఉంది. ఇన్వర్టర్ ఆ డీసీని మళ్లీ ఏసీ చేస్తుంది. "అంత కష్టపడి డీసీ చేసి మళ్లీ ఏసీ ఎందుకు?" అని మీకు డౌట్ రావచ్చు. తీగలో వచ్చేది సెకనుకు 50 సార్లు మారే సింగిల్ ఫేజ్ ఏసీ. ఆ 50ని మనం మార్చలేం. ఇన్వర్టర్ తయారుచేసేది త్రీ ఫేజ్ ఏసీ. దాని ఫ్రీక్వెన్సీని సున్నా దగ్గర్నుంచి మనకి కావాల్సినంత వరకు మెల్లగా పెంచుకోవచ్చు. డ్రోన్‌లో బ్యాటరీకి, మోటార్‌కి మధ్య ఉండే చిన్న స్పీడ్ కంట్రోలర్ కూడా ఇదే పని చేస్తుంది.

బండి బయల్దేరేటప్పుడు "ఊఁ...ఊఁ...ఊఁ" అంటూ స్వరం మెట్లు మెట్లుగా ఎక్కడం విన్నారా? అది ఇన్వర్టర్ స్విచింగ్ మారుతున్నప్పుడు వచ్చే శబ్దం. వీణలు చేసే ఊరి వాళ్లం కదా, ఆ స్వరం మాకు కొంచెం ముందే చెవిన పడుతుంది.

మోటార్ లోపల ఏం జరుగుతుంది?

డబ్ల్యూఏజీ-9లో ఆరు ఇరుసులు, ఇరుసుకో మోటార్. ఒక్కో మోటార్ 850 కిలోవాట్లు. మన ఇంట్లో మిక్సీ 750 వాట్లు అనుకుంటే, ఒక్క మోటార్ 1,100 మిక్సీలకు పైనే.

ఇది ఇండక్షన్ మోటార్. బయట కదలకుండా ఉండే భాగం స్టేటర్. అందులోని మూడు ఫేజుల తీగచుట్టల్లో కరెంటు ఒకదాని తర్వాత ఒకటి పెరిగి తగ్గుతుంటే, లోపల అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో ఉండే రోటర్ లోహపు కడ్డీల పంజరంలా ఉంటుంది. దానికి బయటి నుంచి ఒక్క వైరు కూడా ఉండదు. తిరిగే క్షేత్రం కడ్డీల్ని దాటుతుంటే వాటిలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుని క్షేత్రం తన వెంట లాక్కుపోతుంది. రోటర్ తిరుగుతుంది.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. రోటర్ ఎప్పుడూ క్షేత్రం కన్నా కొంచెం వెనకే ఉంటుంది. పూర్తిగా అందుకుంటే కడ్డీల్లో కరెంటు పుట్టదు, లాగుడూ ఉండదు. ఈ వెనకబాటుని స్లిప్ అంటారు. ఇది తర్వాత మనకి చాలా పనికొస్తుంది.

గేర్ చేసే మాయ

850 కిలోవాట్ల మోటార్ నిమిషానికి 1,283 సార్లు తిరుగుతుంటే దాని టార్క్ సుమారు 6,330 న్యూటన్ మీటర్లు. మోటార్ మీద 15 పళ్ల చిన్న గేర్, ఇరుసు మీద 77 పళ్ల పెద్ద గేర్. 77ని 15తో భాగిస్తే 5.13. వేగం అన్ని రెట్లు తగ్గి, టార్క్ అన్ని రెట్లు పెరుగుతుంది. అంటే ఇరుసు దగ్గర సుమారు 32,500.

కొత్త చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు, వ్యాసార్థం 0.546 మీటర్లు. టార్క్‌ని దాంతో భాగిస్తే ఒక్కో ఇరుసుకి దాదాపు 60 కిలోన్యూటన్ల లాగుడు. ఆరు ఇరుసులకి సుమారు 357. అప్పుడు బండి వేగం గంటకు 51 కిలోమీటర్లు. ఇంజన్‌కి అధికారికంగా ఇచ్చే నిరంతర రేటింగ్ 325 కిలోన్యూటన్లు, 4,500 కిలోవాట్లు, అంటే 6,120 హార్స్‌పవర్. మోటార్లకి కొంచెం హెడ్‌రూమ్ వదిలారు.

కానీ బయల్దేరేటప్పుడు ఇదే ఇంజన్ 460 కిలోన్యూటన్లతో లాగుతుంది. ఎలా? పవర్ అంటే లాగుడు ఇంటూ వేగం. వేగం తక్కువైతే అదే పవర్‌తో ఎక్కువ లాగుడు తీయొచ్చు. 4,500 కిలోవాట్లతో 460 కిలోన్యూటన్లు గంటకు 35 కిలోమీటర్ల దాకా నిలబడుతుంది. గంటకు 100 వెళ్లేసరికి మిగిలేది 162 మాత్రమే. హార్స్‌పవర్ చెప్పేది "ఎంత బరువుని ఎంత వేగంగా" అన్న సంగతి. "కదులుతుందా లేదా" అన్న సంగతి అది చెప్పదు.

లెక్క ప్రకారం, వేగం సున్నాకి దగ్గరైతే లాగుడు ఎంతైనా ఉండొచ్చు. మరి 460 దగ్గరే ఎందుకు ఆగింది? మా తమ్ముడి ప్రశ్న సరిగ్గా ఇదే.

అసలు హద్దు: పట్టు

ఉక్కు చక్రం ఉక్కు పట్టాని తాకే చోటు మన బొటనవేలి గోరంత ఉంటుంది. ఇంజన్‌కి 12 చక్రాలు. అంటే 4,700 టన్నుల్ని కదిలించే బలమంతా 12 గోళ్లంత చోటు నుంచే వెళ్లాలి. అంతకన్నా గట్టిగా తిప్పితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. దీన్ని రైల్వేలో అడ్హీషన్ అంటారు, మనం పట్టు అందాం.

123 టన్నుల ఇంజన్ పట్టాల్ని కిందికి నొక్కే బలం సుమారు 1,207 కిలోన్యూటన్లు. 460 అంటే అందులో 38 శాతం. పొడి పట్టాల మీద, మంచి కంట్రోల్‌తో దొరికే పట్టు అంతే. అందుకే గూడ్స్ ఇంజన్‌ని కావాలనే బరువుగా చేస్తారు. ఫోన్‌లో బరువు మైనస్ పాయింట్, ఇక్కడ అదే ప్లస్ పాయింట్.

ఇప్పుడు మంచు పడిన పొద్దున్న ఊహించండి. పట్టా మీద పల్చటి తేమ, దుమ్ము కలిసి జారుడు పొరలా ఉంటాయి. పట్టు 20 శాతానికి పడిపోయిందనుకుందాం. లాగగలిగేది 241 కిలోన్యూటన్లే. ఆగిన వ్యాగన్లు కదలడానికి టన్నుకి 40 న్యూటన్లు కావాలనుకుంటే 4,700 టన్నులకి 188. పట్టాలు సమంగా ఉంటే గండం గడుస్తుంది. అదే 200 మీటర్లకి ఒక మీటరు ఎక్కే వాలు ఉంటే ఇంకో 230 కావాలి. మొత్తం సుమారు 420. పొడి పట్టాలైతే వెళ్తుంది, తడి పట్టాలైతే వెళ్లదు. ఇంజన్ అదే, హార్స్‌పవర్ అదే.

అప్పుడేం చేస్తారు? చక్రం ముందు పట్టా మీద పొడి ఇసుక చల్లుతారు. అవును, ఇంత హైటెక్ ఇంజన్‌లోనూ ఇసుక పెట్టెలు ఉంటాయి. ఆ రోజు మేం చూసింది అదే. బండి మొదట కొంచెం జారింది, కీచుమని శబ్దం వచ్చింది, తర్వాత పట్టు దొరికి కదిలింది.

పాత మోటార్, కొత్త మోటార్: పోలిక

మా పెద్దవాళ్లు చూసిన డబ్ల్యూఏజీ-5, ఆ తర్వాత వచ్చిన డబ్ల్యూఏజీ-7లో ఉండేవి డీసీ సిరీస్ మోటార్లు. డబ్ల్యూఏజీ-7 బరువు కూడా 123 టన్నులే. పవర్ 5,000 హార్స్‌పవర్, బయల్దేరే లాగుడు 402 కిలోన్యూటన్లు. 1990ల్లో ఏబీబీ టెక్నాలజీతో వచ్చిన డబ్ల్యూఏజీ-9 అదే బరువుతో 460 ఇస్తోంది. ఒక్క కిలో పెరగకుండా 58 కిలోన్యూటన్లు ఎక్కడ్నుంచి వచ్చాయి?

ఇక్కడ స్లిప్ పనికొస్తుంది. డీసీ సిరీస్ మోటార్‌కి బయల్దేరే బలం బాగా ఉంటుంది. కానీ చక్రం జారిందంటే మీద భారం తగ్గి, ఆపకపోతే ఇంకా ఇంకా వేగం అందుకుంటుంది. పైగా వోల్టేజీని 32 నాచ్‌ల మెట్లలో మార్చేవారు. ఒక్కో మెట్టుకి ఒక కుదుపు. అందుకని హద్దుకి బాగా ఇవతలే ఉండాలి. ఇండక్షన్ మోటార్ అలా కాదు. చక్రం జారి రోటర్ వేగం పెరిగితే అది తిరిగే క్షేత్రానికి దగ్గరవుతుంది, లాగుడు దానంతట అదే తగ్గుతుంది. పైన కంప్యూటర్ చక్రాల వేగాన్ని చూస్తూ మెట్లు లేకుండా సర్దుతుంది. అందుకే హద్దు అంచు దాకా ధైర్యంగా వెళ్లొచ్చు. బ్రష్‌లు లేవు కాబట్టి అరుగుదల కూడా తక్కువ.

హీటింగ్ సంగతి

గేమ్ ఆడితే ఫోన్ వేడెక్కి స్లో అవుతుంది కదా? ఇక్కడా అంతే. 460 అన్నది బయల్దేరడానికి, 325 అన్నది గంటల తరబడి లాగడానికి. ఆగి ఉన్న ఇంజన్ నుంచి కూడా వినిపించే "హోఁ" అన్న హోరు చాలావరకు మోటార్లకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి గాలి కొట్టే బ్లోయర్లదే.

దిగేటప్పుడు?

మన పక్కనే ఉన్న కొత్తవలస–కిరండూల్ లైన్‌లో 60కి 1 వాలు ఉంది. 4,700 టన్నులకి అలాంటి వాలు ఎక్కాలంటే గురుత్వాకర్షణకే 768 కిలోన్యూటన్లు కావాలి. ఒక్క డబ్ల్యూఏజీ-9 వల్ల కాదు, అందుకే ఇంజన్లు జతచేస్తారు. దిగేటప్పుడు ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని రోటర్ వేగం కన్నా తగ్గిస్తుంది. అప్పుడు మోటారే జనరేటర్ అయి బండిని పట్టి ఆపుతుంది, పుట్టిన కరెంటు తీగలోకి తిరిగి వెళ్తుంది.

చివరిగా

ఒక్క హెచ్చరిక. రీల్స్ కోసం ఆగి ఉన్న వ్యాగన్ ఎక్కకండి. 25,000 వోల్టుల తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు గాల్లోంచి దూకుతుంది. ఫోన్‌కి జూమ్ ఉంది, ప్లాట్‌ఫామ్ మీద నుంచే తీయండి.

ఇక మా తమ్ముడికి జవాబు: ఒరేయ్, కదిలేటప్పుడు హద్దు పెట్టేది ఇంజన్ బరువు, పట్టాల మీద పట్టు. పరిగెత్తేటప్పుడు హద్దు పెట్టేది హార్స్‌పవర్. గంటల తరబడి లాగేటప్పుడు హద్దు పెట్టేది వేడి. మూడూ వేరువేరు. పోయిన మార్కు నా ఖాతాలో రాసుకో. అసలు పరీక్షలో మాత్రం పోగొట్టకు.

మీ ఊరి స్టేషన్‌లో గూడ్స్ కదిలేటప్పుడు ఈసారి ఫోన్ పక్కన పెట్టి ఒక్క నిమిషం వినండి. ఏం వినిపించిందో కామెంట్‌లో చెప్పండి.