చదివింది నిజమే, డిగ్రీ మాత్రం చెల్లదు

సమస్య

మాది నందికొట్కూరు. నాకు ముప్పై రెండేళ్లు. ఇంటర్ అయిన ఏడాదే పెళ్లి చేశారు. మా ఆయన మొక్కజొన్న, మిరప వేస్తాడు. ఇద్దరు పిల్లలు. వాళ్లు బడికి పోవడం మొదలుపెట్టినాక నేనూ ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు చెప్పడానికి చేరాను.

మూడేళ్ల కిందట మా పెద్దమ్మ కొడుకు ఇంటికొచ్చి, "ఇంటర్‌తో ఎన్నాళ్లుంటావు చెల్లీ, ఆన్‌లైన్‌లో డిగ్రీ కట్టు. రెండేళ్లలో అయిపోతుంది, పరీక్షలు ఇంట్లోనే" అన్నాడు. ఆయన అప్పుడు కర్నూలులో ఒక కన్సల్టెన్సీలో పనిచేసేవాడు. అమెరికా పేరున్న యూనివర్సిటీ అది. బీఏకి అరవై ఐదు వేలు. మా అమ్మ కమ్మలు బ్యాంకులో పెట్టి కొంత, పంట డబ్బుల్లోంచి కొంత, విడతలుగా కట్టాను. ఫోన్‌పే చేయమన్న నంబరు ఎవరిదో ఒక మనిషిది. అప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు.

మేడమ్, నేను ఊరికే పట్టా కొనుక్కోలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక వీడియో పాఠాలు చూశాను. చరిత్ర, ఎకనామిక్స్ నోట్సు రాసుకున్నాను. అసైన్‌మెంట్లు నా చేత్తోనే రాసి ఫొటోలు తీసి పంపాను. పోయిన ఏడాది మార్కుల మెమోలు, ప్రొవిజనల్, బంగారు రంగు సీలున్న డిగ్రీ కొరియర్‌లో వచ్చాయి. స్కూల్లో జిరాక్సు ఇస్తే ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పమన్నారు, జీతం పదిహేను వందలు పెంచారు.

బీఈడీ చేద్దామని ఎడ్‌సెట్ సంగతి కనుక్కోవడానికి ఈమధ్య నెట్ సెంటరుకు పోతే, అక్కడి పిల్లోడు యూజీసీ జాబితాలో వెతికి "అక్కా, ఈ పేరే లేదు" అన్నాడు. అన్నను అడిగితే "ఫేక్ లిస్టులో కూడా లేదు కదా! ఐఎస్‌ఓ ఉంది, అపోస్టిల్ స్టాంపు ఉంది. ప్రైవేటు ఉద్యోగానికి ఎవరడుగుతారు, గమ్మునుండు" అంటాడు. ఆయన మాట మీద మా ఊళ్లో ఇంకో నలుగురైదుగురు కట్టినారు. బయటపెడితే నా కొడుకు జైలుకు పోతాడని పెద్దమ్మ ఏడుస్తోంది. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

నేను చదివింది నిజం. మరి నా డిగ్రీ అబద్ధం ఎట్లవుతుంది? స్కూల్లో చెప్పాల్నా? చెబితే నా పరువేం కాను?

— ఒక సోదరి, నందికొట్కూరు

సలహా

అమ్మా, మీరు ఎక్కువగా బాధపడుతున్న ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. మీ చదువు అబద్ధం కాదు. ఆ డిగ్రీ మాత్రం చెల్లదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే మీకు మింగుడుపడటం లేదు.

మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం చట్టంతోనే వస్తుంది. పార్లమెంటో శాసనసభో చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీ, డీమ్డ్ హోదా పొందిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ. ఇవి తప్ప ఇంకెవరూ డిగ్రీ ఇవ్వకూడదని 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. పాఠాలు ఎంత బాగా చెప్పినా, మీరు ఎంత కష్టపడి రాసినా, ఇచ్చేవాడికి హక్కు లేకపోతే అది డిగ్రీ కాదు.

నిజంగా చదివినవాళ్లకూ ఈ దెబ్బ తగిలింది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చిన కేసులో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001 నుంచి 2005 వరకు చేరినవాళ్ల డిగ్రీలు సస్పెండ్ చేసి, ఏఐసీటీఈ పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవాళ్లవి రద్దు చేసి, కట్టిన డబ్బు వాపసు ఇమ్మంది. వాళ్లలో అప్పటికే ఉద్యోగాలు, ప్రమోషన్లు వచ్చినవాళ్లున్నారు. చదివాం కదా అన్న మాట అక్కడా నిలబడలేదు.

మీ అన్న చెబుతున్నవి ఒక్కొక్కటే చూద్దాం. ఐఎస్‌ఓ అనేది సంస్థ పని పద్ధతికి ఇచ్చే సర్టిఫికెట్. బిస్కెట్ ఫ్యాక్టరీకీ ఇస్తారు. చదువుకు గుర్తింపుతో దానికి సంబంధం లేదు. అపోస్టిల్ స్టాంపు చెప్పేది కాగితం మీది సంతకం, సీలు ఫలానావాళ్లవేనని. ఆ డిగ్రీకి విలువ ఉందని అది చెప్పదు. ఇక "ఫేక్ లిస్టులో లేదు" అన్న మాటతోనే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు. యూజీసీ నకిలీల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి కనబడేవి రెండే పేర్లు: గుంటూరులోని క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, విశాఖపట్నంలోని బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా. అంటే మిగతావన్నీ మంచివని కాదు. అది యూజీసీ కంట పడినవాటి జాబితా మాత్రమే. చూడాల్సింది గుర్తింపు ఉన్నవాటి జాబితా.

అమెరికా పేరు కూడా ధైర్యం ఇవ్వకూడదు. 2015లో బయటపడిన అగ్జాక్ట్ నకిలీ డిగ్రీల వ్యవహారంలో అమెరికా పేర్లతో వందల వెబ్‌సైట్లు నడిచాయి. ఫోన్లు ఎత్తినవాళ్లు కూర్చున్నది కరాచీలో. ఒకవేళ అది నిజంగా విదేశీ యూనివర్సిటీయే అయినా, తమ అనుమతి లేని విదేశీ సంస్థలతో కలిసి ఇక్కడ ఆన్‌లైన్‌లో అమ్మే డిగ్రీలను గుర్తించబోమని యూజీసీ 2023 డిసెంబరులో ప్రకటన ఇచ్చింది.

ఈ విషయంలో మన తెలుగువాళ్లు తిన్న దెబ్బలు నాకు గుర్తొస్తూనే ఉంటాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో దాడులు జరిగినప్పుడు అందులో పదిహేను వందల మందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. అది నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది గానీ, పిల్లలు కట్టిన ఫీజులూ పోగొట్టుకున్న ఏళ్లూ తిరిగి రాలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దాన్ని అమెరికా ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టింది. అక్కడ పిల్లల్ని చేర్పించి డబ్బు తీసుకున్నారని కేసు పెట్టిన ఎనిమిది మందీ తెలుగు కుర్రాళ్లే. చేరినవాళ్లు వాళ్లను నమ్మింది ఎందుకో తెలుసా? మనవాడు చెప్పాడని. మీరు అరవై ఐదు వేలు కట్టిందీ అందుకే.

ఇక స్కూలు. చెప్పాలి, ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఇన్నాళ్లూ మీరు మోసపోయిన మనిషి. సంగతి తెలిసినాక కూడా ఆ జిరాక్సు ఫైల్లో ఉంచి జీతం తీసుకుంటే మోసం చేసిన మనిషవుతారు. పైగా ప్రైవేటు బడి అయినా టీచర్ల చదువు వివరాలు ఏటా యూడైస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఎక్కిస్తుంది. అంటే మీకు లేని డిగ్రీ మీ పేరు మీద ప్రభుత్వ రికార్డులోకి పోతుంది. రేపు సర్టిఫికెట్ల జెన్యూనిటీ చూసే ఏ ఉద్యోగానికి పోయినా అదే మిమ్మల్ని పట్టిస్తుంది. కరస్పాండెంటును ఒంటరిగా కలిసి, "ఈ డిగ్రీకి గుర్తింపు లేదని ఇప్పుడే తెలిసింది, వెనక్కి తీసుకుంటున్నాను, నన్ను ఇంటర్ అర్హతతోనే చూడండి" అని రాసిచ్చి, దాని కాపీ మీద సంతకం తీసుకోండి. పదిహేను వందలు పోవచ్చు, ఎనిమిదో తరగతి పోవచ్చు. పిల్లలకు పాఠం చెప్పే మనిషి నిజం చెబితే పరువు పోతుందని నేననుకోను.

అంతకంటే ముందు మీ ఆయనకు చెప్పండి. పంట డబ్బు ఆయన కష్టం కూడా. ఎవరో చెప్పగా ఆయన చెవిన పడితే ఇంకా నొచ్చుకుంటాడు.

అన్న విషయంలో మీ పెద్దమ్మ కన్నీళ్లు నాకర్థమవుతున్నాయి. ఆయన తెలిసి చేశాడో, ఆయన్నీ ఎవరైనా మోసం చేశారో మీ ఉత్తరాన్ని బట్టి చెప్పలేను. ఒక అవకాశమివ్వండి. ఆయనకు అందిన కమిషన్ తిరిగివ్వమనండి, డబ్బు ఎవరి ఖాతాలోకి పోయిందో, ఎవరి ద్వారా నడిచిందో రాసివ్వమనండి. ముందుకొచ్చి ఫిర్యాదులో సాక్షిగా నిలబడితే ఆయనకే మేలు. "గమ్మునుండు" అనే మాట మీదే నిలబడితే, ఆయన్ని వదిలేసి మీరే పోలీసు స్టేషనుకు వెళ్లాలి. యూనివర్సిటీ ఫీజు ఒక మనిషి ఫోన్‌పే నంబరుకు పోవడమే మీ దగ్గరున్న పెద్ద ఆధారం. ఆ స్క్రీన్‌షాట్లు, కొరియర్ కవరు, వాట్సాప్ మాటలు, ఏదీ చెరపకండి. సైబర్ మోసాల 1930 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువుంది. గుర్తింపు లేకపోయినా ఉందని ప్రకటించుకున్న ఒక డెంటల్ కాలేజీ విద్యార్థులకు పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయా అన్న వాదన నడుస్తూనే ఉంది కాబట్టి లాయరును అడిగి వెళ్లండి.

ఇక్కడ నా ఆవేదన ఒకటి చెప్పాలి. గుర్తింపు లేకుండా డిగ్రీలు ఇచ్చేవాడికి యూజీసీ చట్టంలో రాసిన జరిమానా వెయ్యి రూపాయలు. 1956లో పెట్టిన వెయ్యి. మీ ఒక్కరి దగ్గర తీసుకున్నదాంట్లో అది ఎన్నో వంతు! ఈ అంకె మార్చమని మన ఎంపీలను అడగాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

చదువు ఆపొద్దు. దూరవిద్య, ఆన్‌లైన్ చదువు తక్కువవేమీ కావు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ మన హైదరాబాదులోనే 1982లో పుట్టింది. ఇగ్నోలో బీఏకి ఏటా జనవరి, జులై విడతల్లో చేరవచ్చు. మూడేళ్లలో పూర్తి చేయవచ్చు, కుదరకపోతే ఆరేళ్ల దాకా గడువుంది. ఎక్కడ చేరినా ముందు యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైటులో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, మీరు చేరే విడత, మూడూ ఉన్నాయో లేదో చూడండి. ఇప్పుడు విద్యార్థి స్వయంగా ఆ విభాగం ఇచ్చే డెబ్ ఐడీ తీసుకోవాలి. అది అడగని చోట ఆగిపోండి. ఫీజు యూనివర్సిటీ సొంత పోర్టల్లోనే కట్టండి. బీఈడీ ఎడ్‌సెట్‌కు గరిష్ఠ వయసు పరిమితి లేదు. మీరు రాసుకున్న చరిత్ర, ఎకనామిక్స్ నోట్సు దాచుకోండి, అవే పాఠాలు మళ్లీ వస్తాయి.

చివరగా ఒక పని. మీ ఊళ్లో కట్టిన ఆ నలుగురైదుగురి ఇళ్లకూ వెళ్లండి. వాళ్లలో ఎవరైనా ఆ కాగితం పట్టుకుని ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేయబోతుంటే, ముందు ఆపండి. అందరూ కలిసి ఒకే ఫిర్యాదు ఇవ్వండి.