బొప్పాయి పాల నుంచి ఇన్సులిన్ దాకా: సీమ విద్యార్థులకు బయోటెక్ దారులు

పొట్టేలు మాంసం ముదురుగా ఉందనిపిస్తే వంటింట్లో రెండు పచ్చి బొప్పాయి ముక్కలు వేస్తారు. కూర తొందరగా మెత్తబడుతుంది. ఆ పని చేసేది బొప్పాయి పాలలో ఉండే పాపెయిన్ అనే ఎంజైమ్. మాంసంలోని ప్రోటీన్ గొలుసులను అది తుంచేస్తుంది. 1978లో కిరణ్ మజుందార్ షా బెంగళూరులో ఒక గ్యారేజీలో పదివేల రూపాయల పెట్టుబడితో బయోకాన్‌ను మొదలుపెట్టినప్పుడు, తొలినాటి ఉత్పత్తుల్లో ఒకటి ఈ పాపెయినే. బీరు తేటపడడానికి, మాంసం మెత్తబడడానికి విదేశీ కంపెనీలు దాన్ని కొనేవి. ఎంజైమ్‌లతో పని నేర్చుకున్న ఆ సంస్థే 2004 నాటికి ఈస్టు కణాలతో ఇన్సులిన్ తయారుచేసే స్థాయికి చేరింది.

రైల్వే కోడూరు, రాజంపేట చుట్టుపక్కల బొప్పాయి తోటలు చూస్తూ పెరిగిన విద్యార్థులు ఈ కథను తప్పక తెలుసుకోవాలి. బయోటెక్నాలజీ అంటే హైదరాబాద్‌లోనో అమెరికాలోనో అద్దాల గదుల్లో జరిగే పని అనే అభిప్రాయం కడప, కర్నూలు కాలేజీల్లో ఇంకా బలంగా ఉంది. పరిశ్రమలు చాలావరకు బయట ఉన్న మాట నిజమే. కానీ ఆ పరిశ్రమలకు కావలసిన ముడిసరుకు, పరిష్కారం వెతకాల్సిన సమస్యలు ఈ నేల మీదే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టి చదువుకున్నవారికి ఈ రంగంలో చోటు దొరుకుతుంది.

ఎంజైమ్: ఫ్యాక్టరీలోనూ, ఆసుపత్రిలోనూ

చిత్తూరు ప్రాంతంలో తోతాపురి మామిడి గుజ్జు పరిశ్రమ పెద్దది. పండ్ల రసం చిక్కగా, మబ్బుగా ఉండడానికి కారణం పెక్టిన్. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి తీసే పెక్టినేజ్ కలిపితే పెక్టిన్ విరిగిపోయి రసం తేటపడుతుంది. మొక్కజొన్న, నూకల నుంచి ఇథనాల్ తీసే డిస్టిలరీల్లో ఎమైలేజ్ పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది, గ్లూకోఎమైలేజ్ వాటిని చక్కెరగా మారుస్తుంది, ఆ తర్వాతి పని ఈస్టుది. జీన్స్ బట్టకు పాతబడిన రంగు తెచ్చేది సెల్యులేజ్. బట్టల సబ్బుపొడిలో చెమట, నూనె మరకలను వదిలించేవి ప్రోటియేజ్, లైపేజ్.

వైద్యంలో వీటి పాత్ర ఇంకా లోతైనది. ఇంట్లో షుగర్ చూసుకునే చాలా రకాల స్ట్రిప్పుల మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఉంటుంది. గుండెపోటు వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించడానికి స్ట్రెప్టోకైనేజ్ ఇస్తారు. పిల్లల్లో వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఆస్పరాజినేజ్ ముఖ్యమైన మందు. యాంటీబయాటిక్‌ల తయారీలోనూ ఎంజైమ్‌లు కావాలి. మన దేశం దిగుమతుల మీద ఆధారపడుతూ వచ్చిన పెన్సిలిన్-జిని అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ 2024లో కాకినాడ ప్రాంతంలో ఉత్పత్తి చేయడం మొదలుపెట్టింది. పెన్సిలియం బూజు ఇచ్చే పెన్సిలిన్-జిని పెన్సిలిన్ ఎసిలేజ్ అనే ఎంజైమ్‌తో 6-ఏపీఏగా మారుస్తారు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ తయారయ్యేది దాని నుంచే. అలాంటి ప్లాంటులో కిణ్వన ట్యాంకు దగ్గర నిలబడేది బయోటెక్, మైక్రోబయాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివినవారే.

సూక్ష్మజీవి: మట్టిలోని మందుల గని

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా నుంచి ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్. 1948లో ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు.

మరో తెలుగు ఉదాహరణ శాంతా బయోటెక్నిక్స్. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరైన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన ఈ సంస్థ, హెపటైటిస్-బి వైరస్ ఉపరితల ప్రోటీన్ జన్యువును పికియా అనే ఈస్టులో పెట్టి, 1997లో షాన్‌వ్యాక్-బి టీకాను విడుదల చేసింది. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకా అది. విదేశీ టీకాలతో పోలిస్తే చాలా తక్కువ ధరకు దొరకడంతో మామూలు కుటుంబాల పిల్లలకూ అందింది.

ఇక సీమ పొలాలకు వద్దాం. కర్నూలు, నంద్యాల పత్తి రైతులకు 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి తెలుసు. అందులోని జన్యువు బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియాది. కాలక్రమంలో గులాబీ రంగు పురుగు ఆ జన్యువు వల్ల మొక్కలో తయారయ్యే విషాన్ని తట్టుకోవడం నేర్చుకుంది. అంటే పరిశోధనకు పని అయిపోలేదు. శతాబ్దం దాటిన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పత్తి, శనగ రకాలపై పనిచేస్తోంది.

వేరుశెనగది ఇంకో సమస్య. కాయకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయానికి ఆ విషం ప్రమాదకరం. ఎగుమతి సరుకులో అది పరిమితి దాటితే కంటైనరే వెనక్కి వస్తుంది. దాన్ని పట్టుకునే ఎలైజా పరీక్షలో యాంటీబాడీకి ఒక ఎంజైమ్‌ను తగిలిస్తారు, రంగు మార్పును బట్టి విషం ఎంత ఉందో లెక్కగడతారు. ఎలైజా చేయడం, ఫలితం చదవడం బాగా వచ్చిన విద్యార్థికి ఆహార పరీక్షల ల్యాబ్‌లోనూ, ఆసుపత్రి ల్యాబ్‌లోనూ పని ఉంటుంది.

మొక్క: పెరటి గన్నేరు నుంచి పేటెంటు కార్యాలయం దాకా

ఇంటి ముందు, గట్ల మీద పూసే బిళ్ల గన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వస్తాయి. ఆకులో వాటి శాతం అతి స్వల్పం. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ కోసం సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. అందుకే శాస్త్రవేత్తలు 30కి పైగా మొక్కల జన్యువులను ఈస్టు కణంలో ప్రవేశపెట్టి, ఈ మందుకు కావలసిన రెండు మూలపదార్థాలను ఈస్టు చేతే తయారుచేయించారు. 2022లో ఆ ఫలితం వెలువడింది. మొక్క దారి చూపింది, ఎంజైమ్‌లు పనిచేశాయి, సూక్ష్మజీవి ఫ్యాక్టరీ అయింది. రాబోయే ఉద్యోగాలు ఎటు వెళ్తున్నాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కడప మార్కెట్‌కు పేరు తెచ్చిన పంటల్లో ఒకటైన పసుపుదీ పెద్ద చరిత్రే. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా పేటెంటు దక్కింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాల ఆధారాలతో సవాలు చేసి 1997లో దాన్ని రద్దు చేయించింది. అప్పటి నుంచి పేటెంటు విశ్లేషణ సైన్స్ విద్యార్థులకు ఒక వృత్తిగా ఎదిగింది. సైన్స్ డిగ్రీ ఉన్నవారు పేటెంటు కార్యాలయం నిర్వహించే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయవచ్చు.

పులివెందుల అరటి తోటల్లో కనిపించే జీ-9 రకం టిష్యూకల్చర్ మొక్కే. ల్యాబ్‌లో పెంచిన ఆ మొక్కలకు వైరస్ లేదని నిర్ధారించడం, నర్సరీలో గట్టిపరచడం చేతి నైపుణ్యం కావలసిన పనులు. శేషాచలం, లంకమల అడవుల్లో సహజంగా పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా ఇంతగా లేదు. అడవి మొక్కల మీద వ్యాపారం, పరిశోధన చేసేవారికి 2002 నాటి జీవవైవిధ్య చట్టం తెలిసి ఉండాలి.

ఎక్కడ చదవాలి?

ఇంటర్ బైపీసీ వారు ఏపీ ఈఏపీసెట్ ద్వారా బీటెక్ బయోటెక్నాలజీ, బీఫార్మసీ, వ్యవసాయ కోర్సుల్లో చేరవచ్చు. పరిశోధనే లక్ష్యమైతే 2015లో మొదలైన తిరుపతి ఐసర్ సీమకు దగ్గరి అవకాశం. దానికి ఐఏటీ అనే ప్రత్యేక ప్రవేశపరీక్ష ఉంటుంది. బీఎస్సీ తర్వాత ఏపీ పీజీసెట్‌తో కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం వంటి చోట్ల పీజీ చేయవచ్చు. పశువైద్యం వైపు వెళ్లాలనుకుంటే ప్రొద్దుటూరులోనే కళాశాల ఉంది. జాతీయ స్థాయిలో పీజీకి గ్యాట్-బి, ఐఐటీ జామ్ పరీక్షలు ముఖ్యం. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్, బెట్ దారులు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, అదనంగా ఇంటి అద్దె భత్యం ఉంటాయి.

ఉద్యోగం ఎక్కడ?

టీకా, బయోఫార్మా కంపెనీల్లో ఉత్పత్తి, నాణ్యత విభాగాలు ఎక్కువమందిని తీసుకుంటాయి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ, విశాఖ పరవాడ ఫార్మా సిటీ ప్రధాన కేంద్రాలు. డెయిరీలు, ప్యాకేజ్డ్ నీటి ప్లాంట్లు, ఆహార పరీక్షల ల్యాబ్‌లు మైక్రోబయాలజిస్టులను తీసుకుంటాయి. బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీలు ఆహార భద్రతా అధికారి పోస్టుకు అర్హతల్లో ఉన్నాయి. ఈ సంగతి చాలామంది విద్యార్థుల దృష్టికి రావడం లేదు. సొంత ఆలోచన ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ బైరాక్ సంస్థ ‘బిగ్’ పథకం కింద 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తుంది.

ఒక నిజం మాత్రం ముందే తెలుసుకోవాలి. బీఎస్సీ బయోటెక్ పట్టాతో వెంటనే పెద్ద జీతం రాదు. తొలి ఉద్యోగంలో షిఫ్టులుంటాయి, క్లీన్‌రూమ్‌లో గంటల తరబడి నిలబడాలి, చేసిన ప్రతి పనినీ రికార్డులో రాయాలి. పైపెట్ కచ్చితంగా పట్టడం, కల్చర్‌కు వేరే క్రిములు సోకకుండా కాపాడడం, పీసీఆర్, ఎలైజా, హెచ్‌పీఎల్‌సీ నడపడం, జీఎంపీ నియమాలు, తేలికైన ఇంగ్లిష్‌లో నివేదిక రాయడం: ఇంటర్వ్యూలో అడిగేది వీటినే. ల్యాబ్‌లో సామగ్రి సరిగా లేని కాలేజీలో మూడేళ్లు గడిపితే ఈ పనులు రావు. చేరేముందు సీనియర్లను అడిగి, ల్యాబ్ చూసి నిర్ణయించుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలామంది దాన్ని సర్టిఫికెట్ కోసం ఏదో ఒకచోట ముగించేస్తున్నారు. కడప, కర్నూలు విద్యార్థులు ఆ నెలల్ని ఒక డెయిరీ ల్యాబ్‌లోనో, టిష్యూకల్చర్ యూనిట్‌లోనో, వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలోనో గడపాలి. అనుమతి కోసం దరఖాస్తును సెలవులకు మూడు నెలల ముందే పంపాలి. ఒకచోట కాదంటే మరోచోట అడగాలి, అడగడానికి మొహమాటపడకూడదు.