పళ్ళ క్లిప్పులు: ఇంట్లో చేయదగినవి, చేయరానివి

సంఘం వారి సంక్రాంతి విందులో పదమూడేళ్ళ అమ్మాయి ఒక జంతిక కొరికింది. పటుక్కుమన్న చప్పుడు జంతికది మాత్రమే కాదు. పంటికి అంటించిన చిన్న లోహపు క్లిప్పు ఊడి, తీగ మీద అటూ ఇటూ జారసాగింది. ఆ రోజు శనివారం. ఆర్థోడాంటిస్టు ఆఫీసు మళ్ళీ తెరిచేది సోమవారం ఉదయమే. ఇంటికి చేరగానే తండ్రి గరాజులో సూపర్ గ్లూ కోసం వెతికాడు. మనుమరాలిని చూడడానికి గుంటూరు నుండి వచ్చిన అమ్మమ్మ లవంగ నూనె సీసా తీసింది. తల్లి మాత్రం ఆర్థోడాంటిస్టు ఫోను యంత్రంలో విషయం చెప్పి, మైనం డబ్బీ అందుకుంది. అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఇటువంటి దృశ్యం అపురూపమేమీ కాదు. ముగ్గురిలో తల్లి చేసినదే సరియైన పని. కారణం తెలియాలంటే అసలు ఆ క్లిప్పు పంటిని ఎట్లా అంటిపెట్టుకొని ఉంటుందో చూడాలి.

ఒకప్పుడు ప్రతి పంటి చుట్టూ లోహపు పట్టీ బిగించేవారు. 1955లో మైకేల్ బునోకోర్ అనే దంతశాస్త్రజ్ఞుడు ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొద్దిసేపు తడిపితే దాని ఉపరితలం సూక్ష్మమైన గుంటలతో గరుకుదేరి, రెజిన్ దానిని గట్టిగా పట్టుకొంటుందని చూపాడు. నేటి క్లిప్పులు నిలిచేది ఈ పద్ధతి మీదనే. ఆమ్లం పూసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ద్రవరూపంలో ఉన్న రెజిన్‌ను ఆ గుంటలలోనికి ఇంకనిచ్చి, నీలికాంతితో గట్టిపరుస్తారు. అణువులు ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా ముడిపడే ఈ చర్యను నడిపించేవి ఫ్రీ రాడికల్స్. ఈ బంధం నమలడానికి తట్టుకోవాలి, కాని చికిత్స ముగిసిననాడు ఎనామిల్‌ను పెకలించకుండా ఊడిరావాలి. అందువలన జంతిక దెబ్బకు అది ఊడడం నిపుణుని లోపం కానక్కరలేదు.

ఇప్పుడు లవంగ నూనె సంగతి. అందులోని ప్రధాన ద్రవ్యం యూజినాల్. అది నొప్పిని మొద్దుబార్చే మాట నిజమే. అమ్మమ్మ అనుభవం అబద్ధం కాదు. అయితే యూజినాల్ ఫీనాల్ జాతికి చెందినది, ఫ్రీ రాడికల్స్‌ను పట్టి అణచివేస్తుంది. క్లిప్పు తిరిగి అంటించవలసిన పంటి మీద ఆ జిడ్డు మిగిలితే కొత్త రెజిన్ సరిగా గట్టిపడకపోవచ్చు. పైగా నీరు కలవని నూనె చిగుళ్ళను కాలుస్తుంది. తండ్రి వెతికిన సూపర్ గ్లూ అంతకన్న చెడ్డది. అది సయనోఅక్రిలేట్. తడి తగలగానే క్షణాలలో వేడిని వెలువరిస్తూ గట్టిపడుతుంది. పెదవినీ వేలినీ కూడా వదలదు. శస్త్రచికిత్సలో వాడే సయనోఅక్రిలేట్ వేరు, గరాజులో దొరికేది వేరు. ఒకవేళ క్లిప్పు అంటుకొన్నా అది తన చోట ఉండదు. అరమిల్లీమీటరు పక్కకు అంటిన క్లిప్పు పంటిని కూడా పక్కకే నడుపుతుంది.

కనుక ఊడిన క్లిప్పు తీగ మీదనే ఉంటే లాగరాదు. పక్కకు తిరిగి బుగ్గకు గీసుకొంటున్నట్లయితే శుభ్రమైన ట్వీజర్స్‌తో పంటి మధ్యకు జరిపి, మైనంతో కప్పి ఉంచితే చాలును. పూర్తిగా చేతికి వచ్చినట్లయితే చిన్న డబ్బీలో దాచి వెంట తీసుకొనిపోవాలి. ఒకటి రెండు రోజులకు పన్ను చెడదు, కాని వారాల తరబడి ఉపేక్షిస్తే ఆ పన్ను మిగిలిన వాటితో కలిసి నడవదు. వెనుక దవడపంటి పట్టీ వదులైతే మాత్రం త్వరపడాలి. దాని కింద అన్నం మెతుకులు చేరి పన్ను పుచ్చుతుంది.

తీగ కొన బుగ్గను గుచ్చుకోవడం మరొక సామాన్యమైన బాధ. పెన్సిలు వెనుక రబ్బరుతో గాని, తడి దూది పుల్లతో గాని ఆ కొనను మెల్లగా పంటి వైపునకు వంచవచ్చు. వంగకపోతే మైనమే గతి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది: తడి పంటిమీద మైనం నిలువదు. టిష్యూతో ముందు తీగను ఆరబెట్టి, శనగగింజంత మైనాన్ని వేళ్ళ మధ్య నలిపి మెత్తపరచి అదిమితే కదలకుండా ఉంటుంది. పొరపాటున మింగినా హాని లేదు. ఆర్థోడాంటిస్టు దొరకక, బాధ భరించరానిదైతేనే ఆఖరి ఉపాయంగా ఆల్కహాలుతో తుడిచిన గోళ్ళకత్తెరతో కొనను కత్తిరించవచ్చు. అప్పుడు తెగిన ముక్క గొంతులోనికి జారకుండా పంటి వెనుక గాజుగుడ్డ మడత పెట్టి తీరాలి.

తీగ బిగించిన తరువాత కొన్ని గంటలకు మొదలై, మరునాటికి హెచ్చి, వారంలోపల తగ్గిపోయే నొప్పి చికిత్సలో భాగమే. చాలా తీగలు నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే మిశ్రలోహంతో చేసినవి. మేరీలాండ్‌లోని నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ రూపొందించిన లోహమిది. 1970 దశకంలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఆండ్రియాసెన్ దీనిని దంతచికిత్సకు తెచ్చాడు. వంచినా పూర్వరూపానికి రావడం దీని గుణం. వీటిలో నోటివేడికి బిగిసే రకం తీగ చల్లబడితే స్ఫటిక నిర్మాణం మారి మెత్తబడుతుంది. అందువలన చల్లని నీరు పుక్కిలిస్తే చిగురు మొద్దుబారడమే గాక, తీగ లాగే బలం కూడా కొంతసేపు తగ్గుతుంది. పెరుగన్నం తిన్న పిల్లలకు ఆ పూట హాయిగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. మందు అవసరమైతే అసిటమినోఫెన్ వైపు మొగ్గడం మేలు. ఐబుప్రోఫెన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొంటుంది. పన్ను కదలడానికి ఎముక కరిగి తిరిగి కట్టుకోవాలంటే ఆ ప్రోస్టాగ్లాండిన్లే కావాలి. ఒకటి రెండు మాత్రలకు కొంప మునగదు, రోజుల తరబడి వాడకం తగదు. బుగ్గ లోపలి పుండ్లకు గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలించడం పాతదే అయినా మంచి చికిత్స.

పారదర్శకమైన అలైనర్ల కథ వేరు. 1997లో కాలిఫోర్నియాలో స్థాపితమైన అలైన్ టెక్నాలజీ సంస్థ వీటిని ప్రచారంలోనికి తెచ్చింది. వేడిచేసిన ప్లాస్టిక్ పలకను పళ్ళ నమూనా మీద వంచి చేసే తొడుగులివి. ఒక్కొక్కటి పంటిని సుమారు పావు మిల్లీమీటరు నడపవలెనని లెక్క. వేడితో రూపొందినది వేడితోనే రూపు చెడుతుంది. మరిగే నీటిలో కడిగినా, డిష్‌వాషరులో వేసినా, నోట ఉంచుకొని పొగలు కక్కే కాఫీ తాగినా ఆ పావు మిల్లీమీటరు లెక్క తప్పుతుంది. చల్లని నీరు, మెత్తని బ్రష్షు, రంగు వాసన లేని సబ్బు చాలు. టూత్‌పేస్టులోని రాపిడిపొడి గీతలు పెడుతుంది. ఆ గీతలలో వాసన నిలుస్తుంది. అంచు గరుకుగా ఉంటే గోళ్ళ ఆకురాయితో సున్నితంగా రుద్దవచ్చు.

అలైనర్లు పోయేది ఎక్కువగా రెస్టారెంటులోనే, చేతిరుమాలు కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టినప్పుడు. పోయిన తరువాత ఖాళీ నోటితో వారం గడిపితే పళ్ళు వెనుకకు మళ్ళుతాయి. అందుకే క్రితం జతను పారవేయకుండా దాచాలి. దానిని తిరిగి తొడగాలా, తరువాతి జతకు పోవాలా అన్నది ఫోనులో అడిగి తెలుసుకోవాలి. రోజుకు 20 నుండి 22 గంటలు ధరించకుండా, ‘బిగుతుగా ఉన్నది’ అని సణిగే పిల్లవానికి కారణం తానేనని చెప్పక తప్పదు.

మన వంటింటికి సంబంధించిన చిక్కు పసుపు. క్లిప్పుకు తీగను కట్టే చిన్న రబ్బరు వలయాలు పాలీయురెథేన్ జాతివి. పసుపులోని కర్కుమిన్ నీటిలో కరగక, నూనెతో కలిసి వాటిలోనికి ఇంకుతుంది, బ్రష్షుకు లొంగదు. దీనివలన హాని లేదు, ఫొటోలో అందం చెడడం తప్ప. వలయాలు ఎటూ మారుస్తారు గనుక పులిహోర అపాయింటుమెంటుకు ముందునాడు వండుకొనే ఇల్లాళ్ళ తెలివిని మెచ్చుకోవాలి. నిజంగా భయపడవలసినది చక్కెరకు. పాచిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ సుమారు 5.5 కన్న దిగితే ఎనామిల్ ఖనిజం కరగడం మొదలవుతుంది. సోడా తాగి పైన అలైనరు తొడిగితే లాలాజలం ఆ ఆమ్లాన్ని కడగలేదు. క్లిప్పులు తీసిన నాడు వాటి చుట్టూ కనిపించే సుద్దతెల్లని మచ్చలు ఆ విధంగా వచ్చినవే, చాలావరకు తొలగవు కూడా.

ఇంటి వైద్యానికి లొంగనివి కొన్ని ఉన్నవి. ముఖం వాచి జ్వరం వచ్చినా, దవడ తెరుచుకోకపోయినా సోమవారం కోసం ఆగరాదు. మింగిన క్లిప్పు సాధారణంగా తానే బయటికి పోతుంది. దగ్గు ఆగక ఊపిరి అందనట్లయితే అది శ్వాసనాళంలో ఇరుక్కొన్నదని భావించి వెంటనే 911కు ఫోను చేయాలి. బంతి దెబ్బకు శాశ్వత దంతమే ఊడివస్తే వేరును ముట్టక, తెల్లని భాగాన్ని పట్టుకొని, వీలయితే ఆ గూటిలోనే తిరిగి నిలపాలి, లేదా చల్లని పాలలో వేసి అరగంటలోగా దంతవైద్యుని వద్దకు చేర్చాలి.