శిశు వికాస పరిశోధన : ఏ పిల్లలను చూసి?

"నాలుగేళ్ల పిల్లలు ఇలా ప్రవర్తిస్తారు" అనే తరహా వాక్యాలు మన పాఠ్యగ్రంథాలలో తరచు కనిపిస్తాయి. ఎవరా పిల్లలు? ఏ ఊరివాళ్లు, ఏ ఇంటివాళ్లు? మనస్తత్వశాస్త్ర విద్యార్థిగా నాకు ఇదే అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ స్కూలులో 1960 దశకం చివర వాల్టర్ మిషెల్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లల ముందు మిఠాయి పెట్టి, ఇప్పుడే తింటే ఒకటి, తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు అని చెప్పి పరిశోధకుడు బయటికి వెళతాడు. ఎక్కువసేపు ఆగిన పిల్లలకే తర్వాత కళాశాల ప్రవేశ పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయని 1990లో ప్రకటించారు. ఇంకేముంది! పసితనంలోని నిగ్రహమే భవిష్యత్తును నిర్ణయిస్తుందన్న మాట ప్రపంచమంతా పాకిపోయింది. కాని ఆ పిల్లల్లో చాలామంది విశ్వవిద్యాలయ వాతావరణంలో పెరిగినవాళ్లు. మార్కుల వివరాలు దొరికినవారు వందమంది కూడా లేరు.

2018లో టైలర్ వాట్స్ బృందం 900 పైచిలుకు పిల్లల వివరాలు తీసుకుని, ముఖ్యంగా డిగ్రీ చదవని తల్లుల పిల్లలను పరిశీలించింది. నిగ్రహానికీ చదువుకూ మధ్య సంబంధం సగానికి సగం తగ్గింది. కుటుంబ స్థితిగతులు, ఇంటి వాతావరణం, పిల్లల తొలినాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకునేసరికి, మిగిలినదాంట్లోనూ మూడింట రెండు వంతులు పోయింది. 1991లో ఆరంభమైన ఒక పెద్ద అధ్యయనం తన వివరాలను ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంచబట్టే ఈ పరీక్ష సాధ్యమైంది. తాళం వేసి దాచుకుంటే ఎవరు సరిచూడగలరు?

రేపటి కూటికి భరోసా లేని ఇంటి బిడ్డ చేతికందినది వెంటనే తింటే, అది నిగ్రహం లేకపోవడమా, లోకజ్ఞానమా? ఈ తేడా తెలియకుండా ఆ పసివాడికి "వెనుకబడినవాడు" అని ముద్ర వేస్తే, బడిలో ఆ ముద్ర చెరిగిపోవడం అంత తేలిక కాదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

మన పిల్లలు లెక్కలోకి వచ్చిన సందర్భమూ ఒకటుంది. ఇథియోపియా, పెరు, వియత్నాంలతో పాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో "యంగ్ లైవ్స్" అధ్యయనం మొదలైంది. నాలుగు దేశాల్లో సుమారు 12,000 మంది పిల్లలు. అందులో 3,000 మంది మనవాళ్లే. శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల పేదిళ్ల బిడ్డలను ఏళ్ల తరబడి అనుసరించి, వారి తిండి, చదువు, ఇంటి పరిస్థితులు నమోదు చేశారు. పేర్లు తొలగించిన ఆ వివరాలను ఇతర పరిశోధకులూ పొందవచ్చు. తలుపులు తెరవడమంటే పసివాళ్ల గుట్టు బయట పెట్టడం కాదని గుర్తుంచుకోవాలి.

మిత్రులారా! ప్రాజెక్టు పనిమీద అంగన్‌వాడీకో, బడికో వెళ్లేటప్పుడు రెండు సంగతులు మరవకండి. దగ్గరలో ఉందని ఇంగ్లీషు మీడియం బడి పిల్లలనే చూసి, మొత్తం పిల్లల గురించి తీర్పు చెప్పకండి. తల్లిదండ్రులకు విషయమంతా వాళ్ల మాటల్లోనే వివరించి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. ఎందరిని, ఎక్కడ, ఎలా చూశారో మీ రిపోర్టులో దాపరికం లేకుండా రాయండి. మీ తర్వాత వచ్చే విద్యార్థి మీ తప్పును పట్టుకోగలిగితే, అది మీకు అవమానం కాదు, శాస్త్రానికి లాభం.