నురగ ఎక్కడిది?

కృష్ణగిరి

చిరంజీవి పాపకు,

నువ్వు పంపిన జీమ్యాట్ ప్రాక్టీసు కాగితాలు, నీ జవాబులతో సహా, తీరిగ్గా కూర్చుని చదివాను. పాసేజీలు అర్థం చేసుకోవడంలో నీకు లోటేమీ లేదు. మార్కులు పోతున్నది క్రిటికల్ రీజనింగులో, అందులోనూ ‘ఈ వాదనను ఏది ఎక్కువగా బలపరుస్తుంది’ అని అడిగిన చోట. 2023 నవంబరులో పరీక్ష కొత్త రూపంలోకి మారినప్పుడు సెంటెన్స్ కరెక్షన్ ఎత్తేశారు కదా. ఇప్పుడు వెర్బల్‌లో మిగిలింది పాసేజీలు, వాదనలు, అంతే. 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు. దీన్ని వదిలేసి గట్టెక్కే దారి లేదు.

నీ తప్పులన్నీ వరసపెట్టి చూస్తే ఒకటే సంగతి కనబడింది. జవాబులుగా ఇచ్చిన అయిదు వాక్యాల్లో నీకు ఏది నిజమనిపిస్తే, ఏది మంచి మాట అనిపిస్తే దాన్ని ఎంచుకుంటున్నావు. ప్రశ్న అడిగింది అది కాదమ్మా. చెప్పిన కారణానికీ తేల్చిన మాటకూ మధ్య ఒక సందు ఉంటుంది. ఆ సందును ఏ వాక్యం పూడుస్తుంది అని అడుగుతున్నారు.

నీకు బాగా తెలిసిన చోటే చూద్దాం. కెలవరపల్లి డ్యాం. దక్షిణ పినాకిని బెంగళూరు తూర్పు పక్క నుంచి వస్తూ బెళ్లందూరు, వర్తూరు చెరువుల నుంచి పొర్లిన నీటిని కలుపుకుని కొడియాళం దగ్గర తమిళనాడులో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి కెలవరపల్లి, ఆపైన మన కృష్ణగిరి డ్యాం. గేట్లు ఎత్తినప్పుడు కెలవరపల్లి దిగువన తెల్లటి నురగ దిబ్బలు దిబ్బలుగా లేచి, గాలికి ముక్కలు ముక్కలుగా తేలి గట్టు మీద పొలాల్లో పడడం నువ్వు చిన్నప్పుడు చూసిందే. ఆ వాసన కూడా నీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు పరీక్షలో ఇట్లా వచ్చిందనుకో: ‘బెంగళూరులో కుండపోత వాన పడిన ప్రతిసారీ కెలవరపల్లిలో నురగ లేస్తోంది. కాబట్టి నురగకు కారణం ఆ నగరపు మురుగునీరే.’ మన ఊళ్లో ఎవరిని అడిగినా అవునంటారు. నేనూ అంటాను. అయినా వాదనగా చూస్తే ఇందులో పెద్ద సందు ఉంది. బెంగళూరులో వాన పడే రోజున హోసూరులోనూ పడవచ్చు. ఆ వానకు హోసూరు కాలవల మురుగూ నదిలోకి దిగవచ్చు, ఫ్యాక్టరీలు వదిలే నీళ్లూ దిగవచ్చు. రెండు సంగతులు ఒకేసారి జరిగాయన్నంత మాత్రాన ఒకటి రెండో దానికి కారణం కాదు.

దీనికి జవాబుగా ఏవేం ఇస్తారో ఊహించు. ‘బెంగళూరు జనాభా ఏటేటా పెరుగుతోంది’ అని ఒకటి. నిజమే, నీ చెయ్యి దాని మీదికే పోతుందని కూడా నాకు తెలుసు. కానీ నగరంలో మురుగు ఉందని వాదన ముందే ఒప్పుకుంది. ఆ మురుగే ఇక్కడ నురగైందా అన్నది ప్రశ్న. ‘నురగ వచ్చిన రోజుల్లో రైతులు ఆ నీళ్లు పొలాలకు పెట్టడం మానేశారు’ అని ఇంకొకటి. అది నురగ వల్ల జరిగిన కష్టం, నురగకు కారణం కాదు. ‘బెంగళూరులో వాన లేకుండా హోసూరు చుట్టుపక్కల మాత్రమే వాన పడ్డ రోజుల్లో నురగ కనిపించలేదు’ అని మూడోది. ఇదీ జవాబు. హోసూరు మురుగు మీద ఉన్న అనుమానాన్ని ఇది కొట్టేసింది. ‘హోసూరు కాలవలు కలవకముందే, కొడియాళం దగ్గరే నది నురగతో వస్తోంది’ అన్నా అదే పని జరుగుతుంది. ఈ రెండూ వాదనను రుజువు చేయలేదని గమనించు. వేరే కారణాలు ఇంకా ఉండవచ్చు. బలపరచడమంటే నిరూపించడం కాదు. మునుపటికంటే నమ్మదగినదిగా చేస్తే చాలు. ‘దీంతో పూర్తిగా తేలలేదు కదా’ అని సరైన జవాబును నువ్వు వదిలేసిన చోట్లు కాగితాల్లో ఉన్నాయి, ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను.

ఇది పడమటి దేశాల పరీక్షవాళ్లు కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. కొండ మీద పొగ కనబడింది కాబట్టి అక్కడ నిప్పు ఉందని తేల్చడాన్ని ఆయన వంటింటితోనూ మడుగుతోనూ సరిచూస్తాడు. పొగ ఉన్న వంటింట్లో నిప్పుంది; నిప్పు లేని మడుగులో పొగ లేదు. ఉన్నచోట ఉండడం ఒక్కటే చూస్తే చాలదు, లేనిచోట లేకపోవడం కూడా చూడాలి. మన మూడో వాక్యం చేసింది ఈ రెండో పనే. తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందంటే మాత్రం చెల్లదంటాడు. ఎందుకంటే పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి, కాలిన ఇనుప ముద్దలో నిప్పుంటుంది, పొగ ఉండదు. ఎవరూ పైకి చెప్పని ఆ తడి కట్టె లాంటి షరతు ప్రతి వాదనలోనూ దాక్కుని ఉంటుంది. ఆ షరతు తీరిందని చెప్పే వాక్యం వాదనను బలపరుస్తుంది, తీరలేదని చెప్పేది బలహీనపరుస్తుంది. అందుకే ప్రశ్న చదవగానే జవాబుల మీదికి పరుగెత్తకు. ముందు ఈ వాదనలో తడి కట్టె ఏదని వెతుక్కో. అది దొరికితే అయిదింట్లో మూడు వాటంతటవే రాలిపోతాయి.

కోర్టులో నేను రోజూ చూసేదీ ఇదే. కక్షిదారు సంచి నిండా కాగితాలతో వస్తాడు. ‘భూమి నాదే సార్, పట్టా నా పేరున ఉంది’ అంటాడు. పట్టా, చిట్టా, అడంగల్, ఏళ్ల తరబడి కట్టిన పన్ను రసీదులు అన్నీ బల్ల మీద పరుస్తాడు. అన్నీ ఒకే మాట చెబుతాయి, రెవెన్యూ లెక్కల్లో అతని పేరుందని. అది ఎవరూ కాదనడం లేదు. పట్టా ఒక్కటే హక్కును తేల్చదు, ఆ పేరు అక్కడికి ఎట్లా వచ్చిందన్నదే తగాదా. అతని తాతకు ఆ భూమి అమ్మిన మూలపత్రం ఒక్కటి చూపిస్తే కేసు నిలబడుతుంది. ఉన్న కారణాన్నే ఇంకో గొంతుతో మళ్లీ చెప్పే వాక్యాలు పరీక్షలోనూ ఉంటాయి. వినడానికి ఇంపుగా ఉంటాయి, పని మాత్రం చేయవు.

తేల్చిన మాట ఏమిటన్నది కూడా అక్షరం అక్షరం పట్టుకోవాలి. హోసూరు విమానాశ్రయం సంగతే చూడు. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో హోసూరుకు 2000 ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మంది ప్రయాణికులకు సరిపోయే విమానాశ్రయం కడతామని ప్రకటించారు. బెంగళూరు విమానాశ్రయంతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో, 2033 దాకా 150 కిలోమీటర్ల లోపల, మైసూరు, హాసన్ తప్ప, ఇంకొకటి రాకూడదన్న షరతు ఉంది. ఇప్పుడు రెండు వాదనలు చూడు. ‘హోసూరులో పరిశ్రమలు పెరుగుతున్నాయి కాబట్టి విమానాశ్రయం అవసరం’ అన్నది ఒకటి. ‘ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి 2033 లోపే విమానాశ్రయం వస్తుంది’ అన్నది ఇంకొకటి. ఒప్పందంలోని షరతును సడలించారన్న వాక్యం రెండో దానికి ప్రాణం పోస్తుంది, మొదటిదానికి వీసమెత్తు ఉపయోగపడదు. ఇక్కడి కంపెనీల పని మీద వచ్చేవాళ్లు ఎక్కువమంది విమానంలోనే వచ్చి, దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం నుంచి నగరమంతా దాటుకుని చేరుతున్నారంటే మొదటిది బలపడుతుంది, రెండోది కాదు. అవసరం వేరు, జరగడం వేరు. నువ్వు పోగొట్టుకున్న మార్కుల్లో చాలావరకు ఇట్లా రెండు మాటలను ఒకటిగా చదవడం వల్ల పోయినవే.

ప్రశ్నలో ‘ఇది నిజమైతే’ అని ఉంటుంది. కాబట్టి ఇచ్చిన వాక్యం నిజమేనా అని వాళ్లతో పోట్లాడకు. నిజమని ఒప్పుకుని, అప్పుడు వాదన ఏమవుతుందో చూడు. ‘అన్నీ’, ‘ఎప్పుడూ’ లాంటి గట్టి మాట కనబడగానే భయపడి వదిలేస్తున్నావు. ఆ జాగ్రత్త పాసేజీ నుంచి ఏమి తేలుతుందని అడిగే ప్రశ్నలకు పనికొస్తుంది, ఇక్కడ గట్టి మాటే మేలు. వాక్యం నిజం కాదనుకుని, అప్పుడు వాదన కూలుతుందా అని చూసే ఉపాయం పైకి చెప్పని నమ్మకాన్ని పట్టమన్న ప్రశ్నకు మాత్రమే వాడుకో. ‘ఒకటి తప్ప మిగతావన్నీ బలపరుస్తాయి’ అన్నప్పుడు ఆ ఒక్కటి వాదనను దెబ్బతీయాల్సిన పని లేదు, సంబంధం లేకపోయినా చాలు. ఒక్కో సెక్షన్‌లో మూడు జవాబులు మార్చుకోవడానికి వీలుందని ఒకే ప్రశ్న దగ్గర కూర్చుండిపోకు. గుర్తు పెట్టుకుని ముందుకు పో.

ఇక నీకొక పని. 2025 జూన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు చిత్తూరు జిల్లాలోకి ఇతర రాష్ట్రాల కాయ రాకుండా ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు చంద్రబాబు గారికి ఉత్తరం కూడా రాశారు. అప్పుడు మన కృష్ణగిరి మండీలో కూడా అందరి నోటా అదే మాట. ఈ వాదన తీసుకో: ‘బయటి కాయ ఆగింది కాబట్టి చిత్తూరు రైతుకు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర మంచి ధర వస్తుంది.’ మనవాళ్లకు అన్యాయం జరిగిందన్న కోపం పక్కన పెట్టి, ఇందులో చెప్పకుండా వదిలేసిన షరతులు ఏమేమిటో రాయి. ఫ్యాక్టరీ గోదాములో నిరుటి గుజ్జు ఎంత మిగిలిందన్న దగ్గర మొదలుపెట్టు. బలపరిచేవి రెండు, బలపరిచినట్టు కనిపించి బలపరచనివి మూడు, మొత్తం అయిదు వాక్యాలు నువ్వే అల్లు. ప్రశ్నలు తయారు చేసేవాళ్ల చెయ్యి ఎట్లా నడుస్తుందో అప్పుడు నీకు తెలుస్తుంది. వచ్చే ఆదివారం లోపల పంపితే దిద్ది పెడతాను.

పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ
పెదనాయన