‘చాలా పని ఉంది’ అంటే చాలదు

ఆఫీసులో ఎవరిని కదిలించినా ‘తలకు మించిన పని’, ‘ఊపిరి సలపడం లేదు’ అంటారు. నిజమే కావచ్చు. కానీ పక్క సీటువారూ అదే మాట అంటుంటే పైఅధికారి ఎవరిది నమ్మాలి? చివరికి ఎవరు చప్పున ముగిస్తారో వారి బల్ల మీదికే కొత్త ఫైలు వచ్చి పడుతుంది.

ఒళ్లు వంచి చేసే పనుల్లో ఈ చిక్కు తక్కువ. తాపీమేస్త్రి తన పనిని చదరపు అడుగుల్లో చెబుతాడు. ఉపాధి హామీ మట్టిపనికి ఘనపు మీటర్లలో కొలతలు వేసి కూలి కడతారు. పొలంలో దినకూలికి ఒప్పుకున్నామా, గుత్తకు తీసుకున్నామా అన్నది పనిలోకి దిగకముందే తేలిపోతుంది. కుర్చీలో కూర్చుని చేసే పనికే కొలత కంటికి ఆనదు. అందుకే రెవెన్యూ ఆఫీసుల్లో ఒక్కో గుమస్తాకు ఒక పర్సనల్ రిజిస్టరు పెట్టారు. ఏ కాగితం ఎప్పుడు వచ్చింది, ఎంతవరకు నడిచింది, ఏది పెండింగ్ అన్నది అందులో కనబడుతుంది. మీ ఆఫీసులో అలాంటిది లేకపోతే మీరే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి.

అందులో నాలుగు సంగతులు రాస్తే చాలు: చేతిలో ఎన్ని పనులున్నాయి, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుంది, ఎప్పటికి కావాలి, ఎవరి దగ్గర ఆగింది. చివరిది ముఖ్యం. మీరు చేయాల్సిన పని వేరు, మరొకరి సంతకం కోసం ఎదురుచూస్తున్న పని వేరు. రెండింటినీ కలిపి ‘పెండింగ్’ అంటే ఆలస్యమంతా మీ లెక్కలోకే వస్తుంది.

ఎనిమిది గంటల డ్యూటీని ఎనిమిది గంటల పనిగా లెక్కేయకండి. మీటింగులు, ఫోన్లు, వచ్చిపోయేవారికి పోగా మిగిలే సమయమే మీది. ఒక వారం గమనిస్తే అదెంతో తెలుస్తుంది. రోజుకు పది దరఖాస్తులు వస్తూ ఎనిమిదే తేలుతుంటే, ఇరవై పనిదినాల్లో నలభై పేరుకుంటాయి. అప్పుడు లోపం మీ వేగానిదా, సిబ్బంది కొరతా అన్న ప్రశ్న అంకెలతో అడగవచ్చు.

సోమవారం సాయంత్రం కొత్తగా ఒక రిపోర్టు అడిగారనుకోండి, ఇలా చెప్పి చూడండి: “మేడమ్, నా దగ్గర 45 దరఖాస్తులున్నాయి. ఒక్కోదానికి 20 నిమిషాల చొప్పున 15 గంటలు. రోజుకు ఐదు గంటలు దొరుకుతాయి కాబట్టి గురువారానికి అవుతాయి. ఈ రిపోర్టుకు ఒక రోజు పడుతుంది. రేపే కావాలంటే దరఖాస్తులు శుక్రవారం దాకా తేలవు. ఏది ముందు చేయమంటారు?” ఇందులో ‘నా వల్ల కాదు’ అన్న మాటే లేదు. నిర్ణయం మాత్రం తీసుకోవాల్సిన వారి చేతికి వెళ్లింది. జవాబు నోటితోనే వస్తే, ‘మీరు చెప్పినట్టు ముందు రిపోర్టు చేస్తున్నాను’ అని ఒక మెసేజ్ పెట్టండి.

ఐటీ ఉద్యోగులు ‘బ్యాండ్‌విడ్త్ లేదు’ అనేసి ఊరుకుంటారు. అదీ ‘చాలా పని ఉంది’ లాంటిదే. పని ఎంతుందో చెప్పడానికి వారు వాడే స్టోరీ పాయింట్లు ఒక జట్టు తనలో తాను అంచనా వేసుకోవడానికి పనికొస్తాయి. మరో జట్టు పాయింట్లతో పోలిస్తే అర్థముండదు. క్లయింటుకూ మేనేజరుకూ రోజుల్లోనే చెప్పండి.

ఇక గంటల సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వయోజన కార్మికులకు రోజుకు 9, వారానికి 48 గంటల హద్దు పెట్టింది. అది దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కూడా ఓవర్‌టైమ్‌కు రెట్టింపే ఉంచింది. దుకాణాలు, ఆఫీసులకు రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉన్నాయి. మీ ఉద్యోగం దేని కిందికి వస్తుందో కనుక్కోండి. ఏ చట్టమైనా, వచ్చిన వేళా వెళ్లిన వేళా రాసిపెట్టుకోనివారికి రుజువు చూపడం కష్టం.

పని ఎక్కువైందని చెప్పడం తప్పు కాదు. చెప్పేముందు ఐదు నిమిషాలు కూర్చుని లెక్క వేయండి, గడువు దాటాక కాకుండా గడువుకు ముందే చెప్పండి.