బిగుసుకుపోయిన స్పీకర్ పెట్టెను తెరవడం ఎలా?



వేదిక మీద గిటారు వాద్యకారుని వెనుక నల్లని పెద్ద పెట్టె ఉండటం మీరు చూసే ఉంటారు. విద్యుత్ గిటారు తీగల కంపనాలు ఆంప్లిఫయరులో బలం పుంజుకొని, ఆ పెట్టెలోని స్పీకర్ల ద్వారా ధ్వనిగా వెలువడతాయి. 1960లలో లండన్‌లో జిమ్ మార్షల్ నాలుగు 12 అంగుళాల స్పీకర్లు అమర్చిన పెట్టెకు ప్రాచుర్యం తెచ్చాడు. అటువంటి పెట్టెలు నేటికీ తయారవుతున్నాయి.

ఏళ్ల తరబడి తీయకపోతే ఈ పెట్టె వెనుక పలక బిగుసుకుపోతుంది. లోపల ఊడిన ఒక్క తీగను అతకాలన్నా దాన్ని తెరవక తప్పదు. తొందరపడి గుంజితే పలక విరగవచ్చు, స్పీకరు చిరగవచ్చు. నిదానంగా ఆలోచిస్తే, తరగతిలో మీరు చదివే భౌతికశాస్త్రమే దారి చూపిస్తుంది.

పెట్టె ఎందుకు?

స్పీకరులో ఒక శాశ్వత అయస్కాంతం, దాని ధ్రువాల మధ్య సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన కాగితపు శంకువు ఉంటాయి. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు ఈ తరహా స్పీకరును వివరించారు. శంకువు ముందుకు కదిలినప్పుడు దాని ముందున్న గాలి సంపీడనం చెందుతుంది. అదే క్షణంలో వెనుకనున్న గాలి విరళమవుతుంది. ఈ రెండు తరంగాలు కలిస్తే తక్కువ పౌనఃపున్యం గల ధ్వనులు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అలా కలవకుండా ఉండటానికే చాలా పెట్టెలకు వెనుక పలకను సందు లేకుండా స్క్రూలతో బిగిస్తారు.

పలకను పట్టి ఉంచేది ఏది?

"లోపల గాలి లేక, బయటి గాలి పీడనం వల్ల పలక అతుక్కుపోయిందేమో!" అని కొందరికి తోచవచ్చు. 1657లో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఓటో ఫాన్ గెరిక్ గాలి తీసేసిన రెండు అర్ధగోళాలను పదహారు గుర్రాలతో లాగించిన సంగతి మీరు చదివే ఉంటారు. ఇక్కడ అది వర్తిస్తుందా? లెక్క వేద్దాం. పలక పొడవు, వెడల్పు 70 సెంటీమీటర్ల చొప్పున అనుకుంటే వైశాల్యం 4,900 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము బరువుకు సమానం. లోపల నిజంగా శూన్యమే ఉంటే పలక మీద దాదాపు ఐదు టన్నుల బలం పడుతుంది! కాగితపు శంకువు ఒక్క క్షణం కూడా నిలవదు. కనుక కారణం శూన్యం కాదు.

అసలు కారణాలు నాలుగు. ఒకటి, ఎక్కడో కంటబడకుండా మిగిలిన స్క్రూ. రెండు, అంచుల్లో రంగు గానీ, జిగటబారిన రెక్సిన్ గానీ అంటుకోవడం. వేరు వేరు పదార్థాల అణువుల మధ్య ఉండే ఈ ఆకర్షణనే అసంజన బలం అంటాం. మూడు, తేమకు చెక్క ఉబ్బడం. వానాకాలంలో ఇంటి తలుపులు బిగుసుకుపోవడం మీకు తెలిసిందే కదా! ఉబ్బిన పలక చట్రాన్ని ఒత్తుతుంది. ఒత్తిడి పెరిగితే ఘర్షణ కూడా పెరుగుతుంది. నాలుగు, సందు మూయడానికి వేసిన గాస్కెట్ పట్టీ నలిగి, రెండు వైపులా అతుక్కుపోవడం.

ముందుగా జాగ్రత్త

కొన్ని పెట్టెల్లో స్పీకరుతోపాటు ఆంప్లిఫయరు కూడా ఉంటుంది. వాటిని మీరు తెరవవద్దు. ప్లగ్గు పీకిన తరువాత కూడా వాల్వు ఆంప్లిఫయరు కెపాసిటర్లలో వందల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాపాయం. ఆ పని తెలిసినవారికే వదిలేయాలి. స్పీకర్లు మాత్రమే ఉన్న పెట్టె అయితే, ముందు ఆంప్లిఫయరు ఆపి, కలిపే తీగను రెండు వైపులా తీసేయండి. నాలుగు స్పీకర్ల పెట్టె 30 కిలోలకు పైగా తూగుతుంది. అందుచేత పెద్దవారి సాయంతో దుప్పటి పరచి, పెట్టెను ముఖం కిందికి ఉండేట్లు పడుకోబెట్టండి.

తెరిచే క్రమం

మొదట స్క్రూలన్నీ లెక్కపెట్టండి. ఒక అంచున ఆరు ఉంటే ఎదుటి అంచున కూడా సాధారణంగా ఆరు ఉండాలి. ఐదే కనబడితే ఆరోది రెక్సిన్ కింద ఉందేమో వేలితో తడిమి చూడండి. పలక మధ్యలో కూడా వెతకండి. ఒక్క స్క్రూ మిగిలినా ఎంత లాగినా లాభం లేదు.

స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరు తీసుకోండి. పిడి లావుగా ఉంటే, అదే బలానికి బల భ్రామకం ఎక్కువ వస్తుంది. తిప్పేటప్పుడు కిందికి నొక్కి పట్టకపోతే కొన జారి గాడి అరిగిపోతుంది. కదలని స్క్రూను ముందు కొంచెం బిగించే వైపు తిప్పి చూడండి. తుప్పు పట్టు విడుతుంది. అప్పటికీ రాకపోతే, పెద్దవారు వేడి సోల్డరింగ్ ఐరన్‌ను దాని తలకు కాసేపు ఆనించాలి. స్క్రూ వ్యాకోచించి తుప్పు పొర పగులుతుంది. చల్లారాక తిప్పండి.

తీసిన స్క్రూలను దూరంగా ఒక గిన్నెలో వేయండి. స్పీకరు అయస్కాంతం ఇనుమును లాక్కుంటుంది. చేతిలోని స్క్రూడ్రైవరు జారి అటు పడితే కాగితపు శంకువును పొడిచేస్తుంది.

ఇప్పుడు పలక చుట్టూ ఉన్న సందులో పదునైన బ్లేడుతో రంగును, రెక్సిన్‌ను కోయండి. బ్లేడు అంచు వైశాల్యం చాలా తక్కువ కనుక కొద్ది బలానికే పీడనం ఎక్కువై, కోత శుభ్రంగా పడుతుంది. జిగురు ఇంకా పట్టు విడవకపోతే హెయిర్ డ్రయ్యరుతో, చేయి ఓర్చుకోగలిగినంత వేడి మాత్రమే ఇవ్వండి. పెట్రోలు, థిన్నరు వాడవద్దు. అవి మంటకు కారణం కావడమే కాక శంకువు జిగురును కూడా కరిగిస్తాయి.

తరువాత వెడల్పాటి పుట్టీ బ్లేడును ఒక మూలన దూర్చి, కొద్దికొద్దిగా ముందుకు జరపండి. ఒకచోట మొదలుపెట్టి ఒలవడం ఎందుకు తేలిక? అద్దానికి సెల్లోఫేన్ టేపు అతికించి పరీక్షించండి. టేపును అద్దం వెంబడే లాగితే అంటుకున్న భాగమంతా కలిసి అడ్డుకుంటుంది. కొసను ఎత్తి ఒలిస్తే, ఆ క్షణంలో ఒక సన్నని గీత వెంట ఉన్న జిగురు మాత్రమే ఎదిరిస్తుంది. పలక విషయంలోనూ అంతే.

మీటగా వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆధారానికి ఒక వైపు 20 సెంటీమీటర్లు, మరో వైపు 1 సెంటీమీటరు ఉంటే మీ 5 కిలోల బలం 100 కిలోలు అవుతుంది. అంత బలం చెక్క మీద అర చదరపు సెంటీమీటరులో పడితే సొట్ట పడుతుంది. ఆధారం కింద 3 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల పొడవు గల గట్టి చెక్క ముక్క పెట్టండి. బలం 12 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకుని, పీడనం 24వ వంతుకు తగ్గుతుంది.

పలక కదలగానే ఆగండి! చాలా పెట్టెల్లో తీగ తగిలించే సాకెట్టు పలకకే బిగించి ఉంటుంది. అక్కడి నుంచి తీగలు స్పీకర్లకు వెళతాయి. ఒక్కసారిగా గుంజితే ఆ తీగలు కొనలతో సహా ఊడివస్తాయి. చెయ్యి పట్టేటంత మాత్రమే ఎత్తి, ఏ రంగు తీగ ఎక్కడ ఉందో కాగితం మీద రాసుకొని, తరువాత తీయండి. స్పీకరును కూడా తీయాలంటే లోహపు చట్రాన్నే పట్టుకోవాలి, శంకువును ముట్టుకోకూడదు.

తిరిగి మూసేటప్పుడు

గాస్కెట్ మీద కొంచెం టాల్కం పౌడరు చల్లండి. స్క్రూలకు కొవ్వొత్తి మైనం రాయండి. ప్రతి స్క్రూను ముందు వెనక్కి తిప్పండి. పాత మర గాళ్లలోకి అది "టక్"మని దిగినట్లు తెలుస్తుంది. అప్పుడు ముందుకు బిగించండి. ఎదురెదురు మూలల వరుసలో బిగిస్తే పలక అంతటా సమంగా కూర్చుంటుంది.

ఆలోచించండి

1. స్క్రూలకు మైనానికి బదులు సబ్బు రాస్తే కొన్నేళ్లకు ఏమవుతుంది?
2. ప్లైవుడ్ కంటే మామూలు చెక్క తేమకు ఎక్కువగా ఉబ్బుతుంది. పొరల అమరికను బట్టి కారణం చెప్పండి.
3. సందు లేకుండా మూసిన పెట్టెలో ఒక శంకువును వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కితే మిగిలిన మూడు ఎటు కదులుతాయి? ఎందుకు?